నిద్ర పట్టని రాత్రికి వేగం కాదు, కార్వై కావాలి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు సంగీత కచేరీల సీజన్ కోసం చెన్నైలో మృదంగం కుర్రాళ్లు కొందరు నిద్రలేని రాత్రి, మనసులో గుబులు వంటి ఇతివృత్తాలతో, పాట లేకుండా మృదంగం ఒక్కటే మోగేలా కొత్త రచనలు కడుతున్నారు. సంతోషం. కానీ గుబులనగానే వేగం పెంచేయడం, గుండెదడ పేరుతో తొప్పిని (మృదంగం ఎడమ ముఖాన్ని) బాదడం తప్ప మరేమీ వినిపించడం లేదు. మూడో కాలంలో (నాలుగు రెట్ల వేగంలో) ఫరన్లు (వేగంగా దొర్లే జతుల వరసలు) దంచితే వినేవాడికి హుషారొస్తుంది, అంతే. గుబులు పుట్టేది కార్వైలో, అంటే దెబ్బల మధ్య వదిలే విరామంలో, తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియని ఖాళీలో.

ఆదితాళం (ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 8 అక్షరాలు), చతురస్ర నడ (అక్షరానికి 4 మాత్రలు), రెండు ఆవర్తనాలు తీసుకోండి: 64 మాత్రలు. సమం (ఆవర్తనం మొదలయ్యే చోటు) మీద చెయ్యి వెయ్యకుండా 2 మాత్రలు వదిలి అయిదు మాత్రల ‘తదిగిణతోం’ ఏడుసార్లు వాయించాలి. మధ్య ఖాళీలు వరుసగా 7, 6, 5, 4, 3, 2 మాత్రలు. రెండూ, ముప్ఫై అయిదూ, ఇరవై ఏడూ కలిస్తే లెక్క సరి. తమాషా ఏమిటంటే ఐదోసారి, ఆరోసారి మాత్రమే ‘త’ సరిగ్గా అక్షరం మీద పడుతుంది: రెండో ఆవర్తనంలో 4, 6 అక్షరాలు. హమ్మయ్య కుదురుకుంది అనుకునేలోపే ఏడోది 7వ అక్షరం దాటాక 3 మాత్రలకు దిగుతుంది. కునుకు పట్టబోయి ఉలిక్కిపడినట్టే.

తప్పేది మొదటి ఖాళీలోనే. ఏడు మాత్రలసేపు చెయ్యి ఊరుకోదు. మధ్యలో ఓ ‘కిట’ దూరుస్తుంది, లేదా ఆరుకే దిగిపోతుంది, ఇక చివరి తోం సమానికి ముందే అయిపోతుంది. అందుకే నిమిషానికి 50 అక్షరాల నడకలో తాళం వేస్తూ, ఖాళీలు కూడా లెక్కపెట్టుకుంటూ నోటితో చెప్పడం కుదిరాకే వాద్యం పట్టాలి.

తొప్పి మోగుతూ ఉంటే ఖాళీ ఖాళీలా వినిపించదు. మొదటి మూడు తోంలను అరచేత్తో వెంటనే అణచాలి, మిగతావి మోగనివ్వొచ్చు. ఏసీ హాల్లో తొప్పి మీద పెట్టే తడి రవ్వ ముద్ద ఎండిపోయి ధ్వని పైకెక్కుతుంది, గుముకి (తొప్పిని చేత్తో నొక్కి జరిపితే వచ్చే గుమ్మనే నాదం) పలకదు. మధ్యమధ్య తడి వేలితో రాయాలి. అలాగని ముద్ద మందంగా పెడితే నాదం మొద్దుబారుతుంది.

సభలవారికి ఒక విన్నపం. నిశ్శబ్దం రాగానే మైకు చెడిందనుకుని వాల్యూమ్ పెంచొద్దని సౌండ్ చూసేవారికి ముందే చెప్పండి, తర్వాతి దెబ్బకు చెవులు చిల్లులు పడుతున్నాయి. మీ సమీక్షకులు కూడా ‘తని (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) అదరగొట్టారు’ అని వదిలేయకుండా, ఏ నడలో ఎన్ని మాత్రల కార్వైతో కట్టారో ఒక్క వాక్యం రాస్తే నేర్చుకునే పిల్లలకు పనికొస్తుంది.

— మృదంగ ఉపాధ్యాయులు, మైలాపూర్, చెన్నై