రాఖీ రక్తదానానికి ఇంటిల్లిపాదీ రండి, కానీ రెండు జట్లుగా రండి

సంపాదకులకు నమస్కారం.

రాఖీ పౌర్ణమికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బావలు, వదినలు పది పన్నెండు మంది కలిసి బ్లడ్ బ్యాంకుకు వచ్చి రక్తం ఇవ్వడం హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. ఆ ఫొటోలు పేపర్లో చూసినప్పుడు మా బోటి బ్లడ్ బ్యాంకు ఉద్యోగులకు ఎంతో సంతోషంగా ఉంటుంది. సూదంటే ఆమడ దూరం పరుగెత్తే తమ్ముడు ఒంటరిగా ఎన్నేళ్లు చెప్పినా రాడు, అక్క చెయ్యి పట్టుకు లాక్కొస్తే వస్తాడు. ఒకసారి ఇచ్చాక భయం పోతుంది. ఈ అలవాటు పదికాలాలు నిలవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాం. రెండు మాటలు ముందే చెప్పేస్తాం: ఇంట్లో అందరూ ఒకే రోజు ఇవ్వకండి. ఇచ్చిన రక్తం మీ ఇంటి రోగికే ఎక్కించాలని పట్టుబట్టకండి.

ఒకే రోజు ఎందుకు వద్దంటే, రక్తం ఇచ్చిన మగవాళ్లు మళ్లీ 90 రోజుల దాకా, ఆడవాళ్లు 120 రోజుల దాకా ఇవ్వకూడదు. పన్నెండు మందీ రాఖీ నాడే ఇచ్చేస్తే, దసరా ముందు ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ పడి ఆసుపత్రివాళ్లు దాతల్ని తెమ్మంటే పంపడానికి ఒక్కరూ మిగలరు. పైగా బ్లడ్ బ్యాంకులో సరుకు నిల్వ ఉండేది కొద్ది కాలమే. ఎర్ర కణాలు మంచి బ్యాగులో 42 రోజులు ఉంటాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులే, అదీ 20 నుంచి 24 డిగ్రీల్లో ఆపకుండా ఊపుతూ ఉంచితేనే. అందుకని ఒకే రోజు కుప్పగా వచ్చే రక్తం కన్నా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా వచ్చేదే రోగికి ఎక్కువ అక్కరకొస్తుంది.

పండగలను పట్టుకునే లెక్క వేసుకోవచ్చు. సగం మంది రాఖీకి, మిగతా సగం కార్తీక వనభోజనాలకు. మొదటి జట్టు మళ్లీ సంక్రాంతికి, రెండో జట్టు ఉగాదికి. ఇలా అయితే ఆడవాళ్ల 120 రోజుల గడువు కూడా ఎక్కడా దెబ్బతినదు. అయితే రాఖీ నాడు ఇచ్చినవాళ్లే కార్తీక పౌర్ణమికి మళ్లీ వస్తామంటే కుదరదు. మూడు చాంద్రమాసాలకు 88, 89 రోజులే అవుతాయి, ఒకటి రెండు రోజులు తక్కువ పడి వెనక్కి పంపాల్సి వస్తుంది. సంక్రాంతి జట్టు ఊరికి బయల్దేరే రోజున కాకుండా రెండు రోజుల ముందే ఇచ్చేస్తే మంచిది. రక్తం ఇచ్చి ఆ రాత్రే బస్సెక్కి నిద్ర లేకుండా ప్రయాణం చేయడం ఒంటికి పడదు. ఉగాది జట్టు విలువ మరీ ఎక్కువ. కాలేజీలకు సెలవులిచ్చేశాక ఏప్రిల్, మే నెలల్లో శిబిరాలు తగ్గిపోతాయి, అప్పుడే కొరత.

ఎంతమంది వస్తున్నారో ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), విద్యానగర్ రెడ్‌క్రాస్, లేదా మీకు దగ్గర్లో లైసెన్సున్న ఏ బ్లడ్ బ్యాంకైనా సరే. ఫారం, పరీక్ష, సూది, విశ్రాంతి అన్నీ కలిపి ఒక్కొక్కరికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆరుగురు వచ్చి మూడు మంచాలే ఉంటే రెండు గంటలు చేతిలో పెట్టుకోవాలి.

వయసు 18 దాటాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. 45 నుంచి 55 కిలోల వాళ్ల దగ్గర 350 మిల్లీలీటర్లు, అంతకు మించితే 450 దాకా తీసుకుంటాం. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు తప్పనిసరి. డెంగీ తగ్గి ఆరు నెలలు, మలేరియా తగ్గి మూడు నెలలు, టైఫాయిడ్ తగ్గి ఏడాది కావాలి. పచ్చబొట్టు వేయించుకున్నా, ముక్కు కుట్టించుకున్నా ఏడాది ఆగాలి. పాలిచ్చే తల్లులు పాలు మాన్పించేదాకా ఆగాలి, నెలసరిలో ఉన్నవాళ్లు ఆ జట్టు వదిలి తర్వాతి జట్టుతో రావచ్చు.

రాఖీ రోజున మేం ఎక్కువగా చూసే ఇబ్బంది ఖాళీ కడుపు. రాఖీ కట్టేదాకా ఏమీ తినకూడదని అక్కచెల్లెళ్లు ఉపవాసం ఉంటారు. కట్టగానే ఒక మిఠాయి ముక్క నోట్లో వేసుకుని నేరుగా ఇక్కడికి వచ్చేస్తారు. అది చాలదు. ఇంట్లో శుభ్రంగా అన్నమో, నాలుగు ఇడ్లీలో తిని రావాలి, తిని నాలుగు గంటలు దాటకూడదు. సూది గుచ్చే 15, 20 నిమిషాల ముందు అర లీటరు నీళ్లు తాగితే కళ్లు తిరగడం బాగా తగ్గుతుంది. ఇక కొత్త బట్టలు. బిగుతు చేతుల జాకెట్టు, కుర్తా వేసుకొస్తే బీపీ పట్టీ చుట్టడానికే కష్టం. పైకి లాగిన చెయ్యి భుజం దగ్గర బిగిసి ఉంటే, సూది తీశాక లోపల రక్తం కారి మోచెయ్యి నల్లగా కమిలిపోతుంది. వదులు చేతులవి వేసుకోండి. కుడి మణికట్టు నిండా రాఖీలున్నా ఇబ్బంది లేదు, సూది గుచ్చేది మోచేతి మడతలో.

ఫారం నింపే దగ్గర మాత్రం ఈ కలివిడితనాన్ని కాసేపు పక్కన పెట్టాలి. అన్న పెన్ను పట్టుకుని అందరి ఫారాల్లోనూ వరసగా ‘లేదు, లేదు, లేదు’ అని టిక్కులు కొట్టేస్తుంటాడు. అందులో మందులు, మత్తు, శారీరక సంబంధాలు, పాత జబ్బుల గురించి అడుగుతారు. పక్కన పెద్దక్క నిలబడి ఉంటే ఇరవై ఏళ్ల తమ్ముడు నిజం రాయగలడా? ఇచ్చిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం. కానీ ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు, అప్పుడు రోగిని కాపాడేది దాత రాసిన నిజమే. కాబట్టి ఎవరి ఫారం వాళ్లు దూరంగా కూర్చుని నింపాలి, డాక్టరు దగ్గరికి ఒక్కొక్కరే వెళ్లాలి. ఎవరైనా బయటికొచ్చి ‘ఇవాళ వద్దన్నారు’ అంటే ఎందుకని ఎవరూ అడక్కూడదు. ఈ ఒక్క మర్యాద ఇంటి పెద్దలు ముందే చెప్పి తీసుకురావాలి.

మంచం ఎక్కాక నవ్వులాటలు ఎన్నైనా ఆడుకోండి. బావా మరదళ్ల సరసాలు, అంత్యాక్షరి, చిన్ననాటి దొంగతనాల పంచాయితీలు అన్నీ మాకు సమ్మతమే. మాటల్లో పడ్డ దాతకు కళ్లు తిరగడం తక్కువ. వద్దనేది ఒక్కటే, ‘ఎవరి బ్యాగు ముందు నిండుతుంది’ అనే పందెం. రక్తం ఎంత వేగంగా వస్తుందన్నది నరం లావును, సూది కుదిరిన తీరును బట్టి ఉంటుంది, బలాన్ని బట్టి కాదు. పందెం కోసం పిడికిలి గట్టిగా బిగించి, చెయ్యి కదిపితే సూది జరుగుతుంది. ధార ఆగి బ్యాగు సగంలో నిలిచిపోతే ఆ రక్తం సాధారణంగా పారెయ్యాల్సిందే. 350 బ్యాగులో 49 మిల్లీలీటర్ల గడ్డకట్టనివ్వని మందు ముందే పోసి ఉంటుంది, రక్తం తగ్గితే ఆ పాళ్లు చెడిపోతాయి. మామూలుగా అయిదు నుంచి పది నిమిషాల్లో నిండుతుంది. చేతిలోని మెత్తటి బంతిని నిదానంగా నొక్కి వదులుతుంటే చాలు.

కళ్లు తిరగడం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. వరస మంచాల మీద ఒకరు తేలిపోతే చూసినవాళ్లకూ చెమటలు పడతాయి. అందుకే మొదటిసారి ఇచ్చేవాళ్లను, బరువు తక్కువ ఉన్నవాళ్లను అలవాటున్న ఇద్దరి మధ్య పడుకోబెట్టండి. మొహం పాలిపోవడం, ఆవులింతలు, వికారం తొలి గుర్తులు. వెంటనే తల దించి, కాళ్లు ఎత్తి పెట్టి, సిస్టర్‌ను పిలవాలి. గుమిగూడొద్దు, వీడియో తీయొద్దు. దాత తనంతట తాను చేయగలిగింది కూడా ఉంది: కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి తొడల కండరాలు కొన్ని క్షణాలు బిగించి వదలడం, మళ్లీ బిగించడం.

అయిపోయాక పది పదిహేను నిమిషాలు కూర్చుని బిస్కెట్లు, పళ్లరసం తీసుకోవాలి. ఆ చేత్తో బరువులు, పసిపిల్లలను ఎత్తకూడదు. బండి నడపడం ఆ పూటకు రెండో జట్టువాళ్ల పని. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, ఎర్ర కణాలకు నాలుగు నుంచి ఆరు వారాలు, ఇనుముకు నెలలు పడుతుంది. ఒక్కసారికి 250 మిల్లీగ్రాముల దాకా ఇనుము పోతుంది మరి. భోజనం కాగానే ఇరానీ చాయ్ తాగడం మన నగరంలో ఆనవాయితీ, కానీ చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కనీసం గంట ఆగండి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది.

ఇప్పుడు అసలు భయపెట్టే సంగతి. ‘మా తమ్ముడికి మా రక్తమే, అదీ ఇప్పుడే తీసిన తాజాది ఎక్కించండి’ అని కుటుంబాలు పట్టుబడతాయి. ప్రేమతో అడిగేదే, కానీ ఆ రెండు కోరికలూ కలిస్తే ప్రమాదం. రక్తంలో దాత తెల్లకణాలు కొన్ని ప్రాణంతో ఉంటాయి. పరాయివాళ్లవైతే రోగి శరీరం వాటిని గుర్తుపట్టి చంపేస్తుంది. తోడబుట్టినవాళ్లవి, కన్నవాళ్లవి, కన్నబిడ్డలవి అయితే కణాల మీది గుర్తులు కలిసిపోయి, రోగి శరీరం వాటిని తనవే అనుకుని వదిలేసే అవకాశం ఉంది. ఆ కణాలు మాత్రం రోగిని పరాయిగా చూసి చర్మం, పేగులు, కాలేయం, ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, విరేచనాలు మొదలవుతాయి. అరుదైన సమస్యే, కానీ వస్తే నూటికి తొంభై మందికి పైగా దక్కరు. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో ఈ గుర్తులు కలిసే అవకాశం ఇంకా ఎక్కువ. తాజా రక్తంలో ఆ కణాలు చురుగ్గా ఉంటాయి కాబట్టి ‘తాజాది’ కావాలనడం మరీ తప్పు.

దీనికి దారి ఉంది. మీ రక్తం బ్లడ్ బ్యాంకు నిల్వలోకి ఇవ్వండి, మీ రోగికి వేరేవాళ్ల యూనిట్ క్రాస్ మ్యాచ్ చేసి, అంటే రోగి రక్తంతో కుదురుతుందో లేదో పరీక్షించి ఇస్తారు. ఫారం మీద రోగి పేరు, మీ వరస స్పష్టంగా రాయండి, అప్పుడు ఆ యూనిట్ అదే రోగికి వెళ్లకుండా చూస్తాం. తప్పనిసరై దగ్గరి బంధువుదే ఎక్కించాల్సి వస్తే, దానికి కనీసం 25 గ్రేల రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించాలి. ఆ యంత్రం అన్ని చోట్లా ఉండదు, కాబట్టి ముందే అడగాలి. తెల్లకణాలు వడకట్టే ఫిల్టరు ఒక్కటే ఇందుకు సరిపోదు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు), అప్లాస్టిక్ ఎనీమియా (ఎముక మజ్జ రక్తకణాలను సరిగా తయారుచేయలేని జబ్బు) ఉన్న పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రేపు వాళ్లకు మూలకణాల మార్పిడికి తోడబుట్టినవాళ్లే దాతలు కావచ్చు. ఒక్కో తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడే వాళ్ల రక్తం ఎక్కిస్తే రోగి ఒంట్లో వ్యతిరేకత పెరిగి, మార్పిడి విఫలమయ్యే ముప్పు ఎక్కువవుతుంది.

ఒకే కడుపున పుట్టినవాళ్లకు ఒకే గ్రూపు అనుకోవడమూ సరికాదు. తండ్రిది ఏ, తల్లిది బీ అయితే పిల్లల్లో ఏ, బీ, ఏబీ, ఓ నాలుగూ ఉండొచ్చు. ఇద్దరూ పాజిటివ్ అయినా బిడ్డ నెగెటివ్ కావచ్చు. ఎవరి కార్డు వాళ్ల దగ్గరే ఉండాలి. 1952లో ముంబైలో బయటపడ్డ బాంబే గ్రూపు ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తోడబుట్టినవాళ్లందరూ వెంటనే పరీక్ష చేయించుకోవాలి. పైపై పరీక్షలో అది ఓ గ్రూపులా కనిపిస్తుంది, కానీ ఆ మనిషికి ఓ రక్తం పనికిరాదు, మరో బాంబే గ్రూపు రక్తమే కావాలి. అది దొరికే అవకాశం అందరికన్నా ఎక్కువగా ఉండేది సొంత అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలోనే. రోగికి ఎక్కించేది వాళ్ల రక్తమే అయినప్పుడు పైన చెప్పిన రేడియేషన్ మాట మరవకూడదు.

చివరగా, వెనక్కి పంపిన చెల్లెలి గురించి. వేలి మీంచి తీసిన రక్తపు చుక్క నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో మునగకుండా తేలిపోతే హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువని అర్థం. ఆ అమ్మాయిని ‘నీకు రక్తమే లేదు’ అని ఆటపట్టించి వదిలేయకండి. కంప్లీట్ బ్లడ్ పిక్చర్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఇనుము తక్కువైతే డాక్టరు రాసిన మాత్రలు వాడాలి. ఇనుము సరిగ్గానే ఉండి ఎర్ర కణాల సైజు, అంటే ఎంసీవీ, 80 కన్నా తక్కువ ఉంటే హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఎంతుందో పరీక్ష చేయించాలి. అది 3.5 శాతం దాటితే సాధారణంగా తలసీమియా క్యారియర్, అంటే లోపమున్న జన్యువును మోస్తున్న మనిషి అని అర్థం. క్యారియర్‌కు జబ్బేమీ ఉండదు, కానీ ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు ఉంది. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఇంట్లో ఒకరు క్యారియర్ అని తేలితే మిగతా తోబుట్టువులూ, మేనరికం అనుకుంటున్న బావా మరదళ్లూ లగ్నం పెట్టుకునే ముందే ఈ పరీక్ష చేయించుకోవాలి. శివరాంపల్లిలోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ వ్యాధిగ్రస్తుల కోసమే పనిచేస్తోంది.

రాఖీకి వారం ముందు ఈ వివరాలు మీ సిటీ పేజీలో వేయగలరని మనవి.

— బ్లడ్ బ్యాంకు సాంకేతిక ఉద్యోగులు, హైదరాబాద్