నాలా మ్యాపు వాడకట్టు చేతిలో ఉండాలి

సంపాదకులకు,

2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ హనుమకొండ లోతట్టు వాడల్లో ఇళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. వడ్డేపల్లి చెరువు మత్తడి దూకితే సమ్మయ్యనగర్, నయీంనగర్ వైపు నీళ్లు ఏ గల్లీలో ముందు లేస్తాయో, ఏ కల్వర్టు దగ్గర ఎగదన్నుతాయో అక్కడివాళ్లకు బాగా తెలుసు. కాగితం మీదికి ఎక్కనంత కాలం వార్డు ఆఫీసులో అది ఉత్తమాటే. మరోపక్క కాకతీయ యూనివర్సిటీ, నిట్ విద్యార్థులు ఏటా ప్రాజెక్టులకు అంశాలు వెతుక్కుంటారు. వాళ్లు వాడకట్టువాళ్లతో కలిసి నాలా మ్యాపు గీయాలి, దానికి క్రెడిట్లు ఇవ్వాలి. ఇదే మా విన్నపం.

1:2000 స్కేలులో ఒక్క ఏ3 కాగితం మీద దాదాపు 800 మీటర్ల పొడవు, 550 మీటర్ల వెడల్పు ప్రాంతం పడుతుంది. ఎవరైనా వాడుకోగల, దిద్దగల ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు ప్రింటు తీసుకొని ఇద్దరు విద్యార్థులు, ఒక స్థానికుడు కలిసి నడవాలి. ప్రతి కల్వర్టుకూ వెడల్పు, లోపలి ఎత్తు, పూడిక మందం రాసుకోవాలి. నాలాలోకి ఎవరూ దిగొద్దు. గుర్తులు గీసిన కర్రను పిట్టగోడ మీంచి దింపితే పూడిక తెలిసిపోతుంది. మీటరున్నర ఎత్తున్న పెట్టె కల్వర్టులో అర మీటరు పూడిక ఉందంటే నీటిదారి మూడో వంతు పోయినట్టే.

ఎక్కువ తప్పులు దొర్లేది గోడ మీది వరద చార కొలిచేటప్పుడే. అందరూ రోడ్డు మీద టేపు ఆనించి కొలుస్తారు. పాత రోడ్డు మీదే మళ్లీ సీసీ పోస్తే మట్టం లేస్తుంది, అప్పుడు 2020 చారకూ 2023 చారకూ పొంతన ఉండదు. పిట్టగోడ లాంటి కదలని చోటును ఆధారం చేసుకొని, తాపీమేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపుతో మట్టం తీయాలి. పైపులో చిన్న గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. వాడలో మేస్త్రీ ఉంటే జతకు పిలవండి, ఈ పని ఆయన దగ్గరే నేర్చుకోవాలి. చార ఏ వరదదో వేర్వేరు ఇళ్లవాళ్లు ఇద్దరు ఒకే మాట చెబితేనే రాసుకోవాలి.

ఫోన్ జీపీఎస్ ఆరుబయట ఐదు మీటర్ల అటూఇటూ చూపిస్తుంది. ఇరుకు గల్లీలో ఇరవై మీటర్లు పక్కకు పోయి, నాలా ఎవరి ఇంట్లోంచో పారుతున్నట్టు చూపినా ఆశ్చర్యం లేదు. అక్కడ కూడలి నుంచి టేపుతో కొలిచిన దూరాన్నే నమ్మాలి. కంప్యూటర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నాలా గీతను నీరు పారే దిక్కుకే గీయాలి, రోడ్డు కిందికి పోయేచోట తెంచి ఆ ముక్కను కల్వర్టుగా గుర్తించాలి. గూగుల్ మ్యాప్స్ చూసి అందులోకి పేర్లు ఎక్కించకూడదు, గూగుల్ లైసెన్సు ఒప్పుకోదు. జనం పిలిచే పేరునే తెలుగులో రాయాలి. సున్నితమైన స్థలాలపై ఆంక్షలు పోను, 2021 ఫిబ్రవరి నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి పనికి భారతీయులకు ముందస్తు అనుమతి అక్కర్లేదు.

పగలు పోతే కూలికి వెళ్లినవాళ్లు దొరకరు. పొద్దున ఏడులోపో, సాయంత్రం ఆరు దాటాకో పోవాలి. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. రాత్రిపూట నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, పిల్లల్నీ బియ్యాన్నీ ఏ మిద్దె మీదికి ఎక్కించారో వాళ్లు చెప్పగలరు. ఎవరి ఇల్లు ఏది, ఎవరికి పట్టా ఉంది అన్నవి మాత్రం మ్యాపులో రాయనే రాయొద్దు. రేపు అదే కాగితం పట్టుకొని ఎవరైనా ఇళ్లు కూల్చడానికి వస్తే, ఆ వాడలో మళ్లీ ఎవరూ నోరు విప్పరు. విద్యార్థులకు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

గీసిన మ్యాపును వారం రోజులు కిరాణా దుకాణం గోడకు అంటించి, పక్కన ఎర్రపెన్ను కట్టాలి. ఆ దిద్దుబాట్లు ఎక్కించి, తేదీ వేశాకే నగరపాలక సంస్థకు ఇవ్వాలి. కొలతలు మార్చిలోనే పూర్తయితే వానలకు ముందు పూడిక తీయించమని అడగడానికి టైముంటుంది. పూడిక తీశాక అదే కర్రతో మళ్లీ కొలవాలి.

యూనివర్సిటీలు మార్కులు వేయాల్సింది బైండు చేసిన రిపోర్టుకు కాదు, వాడకట్టువాళ్లు సరిచూసి సంతకం పెట్టిన మ్యాపుకు. అందులో ఒక కాపీ ఆ వాడలోనే ఉండాలి.

– మ్యాపింగ్ బోధించే అధ్యాపకులు, హనుమకొండ