సాక్ష్యం చెప్పిన మర్నాటి సంగతి

సంపాదకులు గారికి నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే మా సఖినేటిపల్లి వైపు ఊళ్లలో ఇళ్ల మీద స్టార్లు వెలుగుతాయి. 31వ తారీఖు రాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరానికని బైబిలు వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు తీసుకుని, ఇక మందు ముట్టనని ఏడుస్తూ చెప్పే మగవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఈమధ్య మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు, ఇదంతా నాలుగు రోజుల ముచ్చటేనని, ప్రార్థనతో ఎవరూ మారరని రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆయన అలా అనుకోవడానికి మా సంఘాలు కొంత అవకాశం ఇస్తున్న మాట మాత్రం నిజం.

మా ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. నేను ఇంటి దగ్గర లేసు అల్లుతాను. దింపు కూలి చేతికొచ్చిన సాయంత్రమే సగం దుకాణానికి పోయేది. పొద్దున్న లేస్తే చేతులు వణికేవి. ఆ వణుకు తగ్గడానికి గుక్కెడు వేసుకుని గాని చెట్టెక్కేవారు కాదు. అంత ఎత్తు చెట్టు మీద, నడుముకి కత్తి, లోపల మందు. ఆయన దిగి ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే. పిల్లల తల మీద చెయ్యేసి ఒట్లు పెట్టారు, నిలబడలేదు. అంతకుముందు మా మామగారిదీ అదే దారి. 1995లో ప్రభుత్వం మద్యనిషేధం పెట్టినప్పుడు కూడా పుదుచ్చేరి కింద ఉండి ఆ నిషేధం వర్తించని యానాం నుంచి సరుకు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేదట. 1997లో నిషేధం సడలించాక ఆ కష్టం కూడా తప్పిందని మా అత్తగారు చెప్పి బాధపడేవారు.

ఒక ఉపవాస ప్రార్థనలో మా ఆయన మోకాళ్ల మీద పడి ప్రభువుకి మొరపెట్టుకున్నారు. ఆ రోజు ఆయనలో దేవుడు పని మొదలుపెట్టాడని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఆదివారమే మైకు చేతికిచ్చి, దేవుడు తనని ఎలా మార్చాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పించాలని కుర్రాళ్లు ఉత్సాహపడ్డారు. ఈలోగానే, మానేసిన రెండో రాత్రి, ఒళ్లంతా చెమటలు. గోడ మీద చీమలు బారులు తీరి వస్తున్నాయని దుప్పటి పెట్టి కొట్టడం మొదలుపెట్టారు. గోడ మీద ఏమీ లేదు. చుట్టుపక్కలవాళ్లు దయ్యం అన్నారు. మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి నాడి పట్టుకుని చూసి, "అమ్మాయ్, ఇది దయ్యం కాదు. ఒంట్లోంచి మందు దిగుతోంది. ప్రార్థన నేను చేస్తాను, నువ్వు బట్టలు సర్దు" అన్నారు. రాత్రంతా పక్కనే కూర్చుని, తెల్లారి మొదటి పంటు మీద గోదారి దాటించి నరసాపురం ఆసుపత్రిలో చేర్పించారు.

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం వస్తాయని, రెండో రోజు, మూడో రోజు ప్రాణం మీదికి కూడా రావచ్చని అక్కడ డాక్టరు గారు చెప్పారు. నిద్రకి మందు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పాస్టర్లందరూ ఈ సంగతి తెలుసుకోవాలి. ఇలాంటి మనిషిని ఉపవాసం పేరుతో గదిలో పెట్టి తలుపేస్తే అది విశ్వాసం అనిపించుకోదు.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. మత్తయి 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇల్లుంది కదా, ఊడ్చి అమర్చి ఖాళీగా ఉంటే, వెళ్లిపోయిన ఆత్మ ఇంకో ఏడుగురిని వెంటబెట్టుకుని తిరిగొచ్చిన ఇల్లు! పెద్దాయన అదే చెప్పి, సాయంత్రాలు ఖాళీగా ఉంచకూడదన్నారు. దీపాలవేళ దుకాణం దగ్గర జనం చేరే సమయానికి సంఘం నుంచి ఎవరో ఒకరు మా అరుగు మీద ఉండేవారు. కాసేపు వాక్యం, కాసేపు కొబ్బరి ధర. కూలి డబ్బు తోట దగ్గరే నా చేతికి ఇప్పించేవారు. బైబిల్లో సుంకరి జక్కయ్య ప్రభువుని ఇంటికి పిలుచుకున్న రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మా ఆయనా కిరాణా కొట్టు బాకీ కొంచెం కొంచెంగా కట్టుకొచ్చారు. తాగిన మత్తులో కొట్టిన మా మరిది ఇంటికి వెళ్లి క్షమించమని అడిగారు. మరిది తలుపు తియ్యడానికి చాలా రోజులు పట్టింది.

సంక్రాంతికి పడిపోయారు. కోడి పందేల బరి పక్కనే మందు, పాత జట్టు, చేతిలో పండగ డబ్బు. ఆదివారం ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో ఆయన్ని పాలు పుచ్చుకోనివ్వకుండా ఆపారు. నాకు సిగ్గేసింది గాని, అది న్యాయమే. బల్ల ఆపినవాళ్లు ఇంటికి రావడం మాత్రం ఆపలేదు. ఆ సాయంత్రం కూడా పెద్దాయన ఎప్పటిలాగే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తిట్టలేదు. "రేపు ఎక్కడయ్యా దింపు?" అని అడిగారు. ఆ తర్వాత మా ఆయన మళ్లీ తాగలేదు. ఏళ్లు గడిచాయి.

1836లో ఇండియాకి వచ్చి నరసాపురంలో పని మొదలుపెట్టిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల కాలం నుంచి మా డెల్టాలో సువార్త వినబడుతూనే ఉంది. బోధకి మాకు కొరత లేదు. కొరతల్లా సాయంత్రం వచ్చి కూర్చునే మనుషులకి. మానేసి పది రోజులైనా కానివాడి చేతికి మైకు ఇవ్వకండని పాస్టర్లకి నా మనవి. జనం చప్పట్లు కొట్టాక పడితే, మళ్లీ గుడి మెట్లెక్కడానికి మొహం చెల్లదు.

ఇంకొక్కటి. ఈ సంక్రాంతి మూడు రోజులూ బరులున్న ఊళ్లలో సంఘాలు సాయంత్రం పూట తలుపులు తెరిచి పెట్టాలి. మా దగ్గర వంట చేసి అందరికీ భోజనాలు పెడుతున్నాం. మానాలనుకున్నవారు భోగి వరకు ఆగకుండా ఇప్పుడే డాక్టరుకి చూపించుకోవాలి. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

ఇట్లు,
ఒక లేసు కార్మికురాలు,
సఖినేటిపల్లి మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా