నిలువు పొరల మీద ఎర్రరాయి

జాన్‌బాబూ, వందనాలు.

యవ్వనస్తుల కూటంలో ఎవడైనా లేచి "భూమికి ఆరువేల ఏళ్లా, 454 కోట్ల ఏళ్లా?" అంటే ఏం చెప్పాలని అడిగావు కదా. రాళ్ల వయసు చెప్పే యురేనియం లెక్కతో మాత్రం మొదలుపెట్టకు. "ఆ మిషన్లు ఎవడు నమ్ముతాడు" అనేస్తారు, మాట అక్కడే తెగిపోతుంది. రాయితో మొదలుపెట్టు.

స్కాట్లండ్ తూర్పు తీరాన సికార్ పాయింట్ అని ఒక రాతి మొన. 1788లో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ పడవ మీద వెళ్లి చూశాడు. వెంట జాన్ ప్లేఫెయిర్, అంతకుముందు పాదిరిగా చేసినవాడే. కింద బూడిదరంగు రాతి పొరలు, తమలపాకుల కట్టను నిలబెట్టినట్టు నిలువుగా. వాటి తలలు కోసేసినట్టుంటాయి, ఆ మీద ఎర్ర ఇసుకరాయి కాస్త వాలి పడుకుని ఉంటుంది. బోర్డు మీద ఇది గీసి, ఏది ముందు ఏది వెనక అని పిల్లల్నే చెప్పమను. సముద్రం అడుగున ఇసుక, బురద పేరుకోవాలి, గట్టిపడాలి, మడతపడి నిలువుగా లేవాలి, నీటి పైకొచ్చి అరగాలి. ఆ తరవాతే ఎర్ర ఇసుక పరుచుకోవాలి, అదీ రాయవ్వాలి.

"ఇదంతా జలప్రళయం ఏడాదిలోనే అయింది" అని ఒకడు తప్పకుండా అంటాడు. అప్పుడు రెండు రాళ్లూ కలిసే చోట వేలు పెట్టు. ఎర్రరాయి అడుగున ఇరుక్కుని ఉన్నవి ఆ బూడిదరాతి చెక్కలే. మెత్తటి బురద చెక్కలుగా విరగదు కదా! ఎర్ర ఇసుక వచ్చేనాటికే కిందిది రాయి. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు. (తిరుమల ఘాట్ రోడ్డు పక్కనా ఇలాంటి గీతే ఉంది, గ్రానైటుకీ పైనున్న గట్టి ఇసుకరాయి క్వార్ట్‌జైటుకీ మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ. బస్సులో వెళ్తూ ఎవరు చూస్తారు!)

ఆరువేల లెక్క వేసిన ఆర్చిబిషప్ అషర్‌ను ఎగతాళి చెయ్యకు. వంశావళులు, రాజుల ఏలుబడులు కూడి 1650లో క్రీ.పూ. 4004 అని తేల్చాడు. తరవాత అది ఇంగ్లీషు బైబిళ్ల మార్జిన్లోకెక్కింది, జనానికి వాక్యమే అయిపోయింది. ఆడమ్ సెడ్‌విక్ సంగతి మాత్రం చెప్పు, ఆయన పాదిరి, భూగర్భ శాస్త్రవేత్త కూడా: ఒండ్రు కంకరంతా నోవహు ప్రళయానిదే అన్న తన మాటను 1831లో జియలాజికల్ సొసైటీ అధ్యక్షుడిగా నిలబడి వెనక్కి తీసుకున్నాడు. డార్విన్ పుస్తకానికి 28 ఏళ్ల ముందు. చివరిదాకా పాదిరిగానే ఉన్నాడు.

ఇక యురేనియం. అది కాలం గడిచేకొద్దీ సీసంగా మారుతుంది. జిర్కాన్ అనే ఖనిజం స్ఫటికం కట్టేటప్పుడు యురేనియంను రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి లోపలున్న సీసం అక్కడ పుట్టిందే. అందులో రెండు గడియారాలు: యురేనియం-238 సగమవడానికి 447 కోట్ల ఏళ్లు, 235కి 70 కోట్లు. సీసం కారిపోతే రెండూ రెండు వయసులు చెబుతాయి, తప్పు దొరికిపోతుంది. మామూలు పొటాషియం–ఆర్గాన్ పద్ధతికి (పొటాషియం ఆర్గాన్ వాయువుగా మారడాన్ని కొలిచేది) ఈ రెండో గడియారం లేదు. హవాయిలో 1801 నాటి లావాలో కరగని రాతి ముక్కలకు కోట్ల ఏళ్లు చూపించింది అందుకే, పాత ఆర్గాన్ లోపలే చిక్కుకుంది. ఆ ఉదాహరణ ఎవరైనా తెస్తే దాటెయ్యకు, ఇదే చెప్పు. కార్బన్-14 అంటారా, దాని సగం 5730 ఏళ్లకే. 50 వేలు దాటితే కొలవడానికి మిగిలేది ఉండదు, భూమి వయసుకు దానితో పనేలేదు.

"మరి ఆదికాండంలో సూర్యుడు నాలుగో దినాన కదా, మొదటి మూడు దినాలు ఎలాంటివి?" అని అడిగితే, పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ ఆ దినాల గురించి ఐదో శతాబ్దంలోనే తల పట్టుకున్నాడని చెప్పు. అలాగని ఆయన్ని మన పక్షాన నిలబెట్టకు. మనిషి పుట్టి ఆరువేల ఏళ్లు నిండలేదనే ఆయన కూడా నమ్మాడు.

కూటం అయ్యాక ఏమన్నారో రాయి.