ఇంటిపేరును పొడి అక్షరం చేసి పంపకండి

సంపాదకులు గారికి,

బ్రిటన్‌కు చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు కొందరు కన్సల్టెన్సీల వాళ్ళు ఒక సలహా ఇస్తున్నారు. 'మీ పేరు అక్కడివాళ్ళకు నోరు తిరగదు, తేలిగ్గా పలికే ఇంగ్లీషు పేరొకటి పెట్టుకోండి' అని. లెస్టర్‌లో చాలాకాలంగా ఉంటున్న తెలుగువాడిగా, ఆ పని చేయవద్దని పిల్లలకూ తల్లిదండ్రులకూ మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ లేఖ.

ఇక్కడ స్నేహం కుదిరాక పెట్టే ముద్దుపేరు చాలావరకు ఇంటిపేరు నుంచే పుడుతుంది. బడిలో, సైన్యంలో, ఆటల జట్లలో ఇంటిపేరుతో పిలుచుకోవడం వీళ్ళకు పాత అలవాటు. దాని మొదటి ముక్క ఉంచుకుని చివర ఒక శబ్దం తగిలిస్తారు. ఫుట్‌బాల్ ఆటగాడు గిగ్స్ గిగ్సీ అయ్యాడు, క్రికెటర్ స్టోక్స్ స్టోక్సీ అయ్యాడు, ఫుట్‌బాల్ కెప్టెన్ రాబ్సన్ రాబో అయ్యాడు. మరో ఫుట్‌బాల్ ఆటగాడు గ్యాస్కోయిన్ గ్యాజా అయితే, రాజకీయ నాయకుడు హెసెల్టైన్‌ను పత్రికలు హెజా అని రాసేవి. 'ఎర్స్' తగిలించడం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల్లో బాగా పాకిన అలవాటు. బీబీసీ రేడియోలో టెస్టు మ్యాచ్ కామెంటరీ విన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు: జాన్స్టన్ జానర్స్, ఆగ్న్యూ ఆగర్స్, బ్లోఫెల్డ్ బ్లోవర్స్, టఫ్‌నెల్ టఫర్స్. సైన్యంలోనైతే కొన్ని ఇంటిపేర్లకు ముద్దుపేరు ముందే సిద్ధంగా ఉంటుంది. వైట్ అయితే సుద్ద గుర్తొచ్చి చాకీ, మిల్లర్ అయితే పిండిమర దుమ్ము గుర్తొచ్చి డస్టీ, బెల్ అయితే గంట మోత గుర్తొచ్చి డింగర్.

ఎంత కుదించినా, ఎంత మార్చినా ఆ ముద్దుపేరు మనిషి సొంత పేరు మీదే నిలబడి ఉంటుంది. అందుకే అందులో ఆప్యాయత ఉంది. యార్క్‌షైర్ కౌంటీ జట్టులో చతేశ్వర్ పూజారాను 'స్టీవ్' అని పిలవడంలో అది లేదు. ఆ జట్టు మాజీ ఆటగాడు అజీమ్ రఫీక్ ఆరోపణలతో 2021లో ఆ జట్టులోని జాతి వివక్ష మీద పెద్ద దుమారం రేగినప్పుడు ఈ సంగతీ చర్చకు వచ్చింది. అలా పిలిచినందుకు మాజీ బౌలర్ జాక్ బ్రూక్స్ పూజారాకు క్షమాపణ చెప్పారు. చతేశ్వర్ అని పలకడం కష్టమే అనుకుందాం. పూజారా అనే ఇంటిపేరు ఉంది కదా? వాళ్ళ పద్ధతి ప్రకారమే దాన్ని కుదించి చివర 'ఈ' చేర్చి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు.

పూజారాకు ఇంటిపేరైనా పూర్తిగా ఉంది. మన పిల్లల్లో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్లోనే అది 'కె' అనో 'వి' అనో పొడి అక్షరంగా మిగిలిపోతోంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఇక్కడికొచ్చాక బ్యాంకులో, యూనివర్సిటీలో, అద్దె ఇంటి కాగితాల్లో ప్రతిచోటా టెన్షనే. ఒక్క అక్షరమే ఇంటిపేరుగా పడిన క్లాసు లిస్టులు నేను చూశాను. ఈ జబ్బు కొత్తదేం కాదు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు కెప్టెన్ అయిన కొఠారి కనకయ్య నాయుడుది తెలుగు కుటుంబం. ఆ కొఠారి ఒక 'సి' గా మిగిలి, ఆయన లోకానికి సీకే నాయుడయ్యారు.

మా పేట ఆదివారం క్రికెట్ జట్టులో వేమూరి ఇంటిపేరున్న కుర్రాడొకడు ఉన్నాడు. వచ్చిన కొత్తలో తనను 'సామ్' అని పిలవమన్నాడు. ఇక్కడ స్కోరు పుస్తకంలో రాసేది ఇంటిపేరే. స్కోరర్ అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఎలా పలకాలో అతన్నే అడిగి, సరిగ్గా పలికాడు. కొన్ని మ్యాచ్‌లు గడిచేసరికి అతను అందరికీ 'వెమ్స్' అయిపోయాడు. సామ్ అని ఇప్పుడెవరూ పిలవరు.

బడుల్లో పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయించమని ప్రధానోపాధ్యాయులను, రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను. పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడిని తల్లిదండ్రులు ఖాళీగా వదలకూడదు. మీ చదువుల పేజీలో వీసా, ఫీజుల వివరాలతోపాటు ఈ సంగతి కూడా వివరంగా ఇవ్వండి. సెప్టెంబరులో విమానం ఎక్కే పిల్లలకు అది ముందే అందాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లెస్టర్, ఇంగ్లండ్