గట్టు మీది తాటిచెట్లను కొట్టనివ్వకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే వైపు మాకు మూడెకరాల పల్లం ఉంది. గట్ల మీద మా తాతగారి నాటి తాటిచెట్లు పదకొండు ఉన్నాయి. పక్క పొలంలోనూ అలాగే వరుసగా ఉండేవి. కోత మిషన్ తిరగడానికి అడ్డమని ఈ వేసవిలో అన్నిటినీ కొట్టించి ఇటుక బట్టీకి అమ్మేశారు. వద్దని రెండుసార్లు వెళ్లి బతిమాలాను. లాభం లేకపోయింది.

పిడుగుల నుంచి జనాన్ని కాపాడాలని ఒడిశా ప్రభుత్వం తాటి నాటిస్తోంది. ఎత్తుగా పెరిగే చెట్టు కాబట్టి పిడుగు దాని మీద పడుతుందని. మంచి పనే. కానీ ఇవాళ టెంక పాతితే కాపుకి రావడానికే పది పదిహేనేళ్లు పడుతుంది. ఎదిగిన చెట్లు బట్టీలో కాలిపోతుంటే కొత్త టెంకలు పాతి ఏం లాభం?

ఆ చెట్ల మీద ఎన్ని ప్రాణులు బతుకుతాయో చూడండి. వానలు పడగానే గిజిగాళ్లు మా బావి పక్క తాటికి చేరతాయి. మగపిట్ట వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, పట్టుకుని ఎగురుతుంది. సన్నటి పీలిక చీలి వస్తుంది. గూడు సగం అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. అది వచ్చి గూడు చూసుకుంటుంది. నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది, లేకపోతే సగం గూడు అలాగే వేలాడుతుంది. వడ్లు తింటాయని వీటి మీద కొందరికి కోపం. పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే, మన చేలోవే.

మా చెట్లలో ఒకటి తల విరిగి మోడైంది. కొట్టేద్దామని మా అబ్బాయి అన్నాడు, నేను ఒప్పుకోలేదు. దాని తొర్రలో ఏటా ఎండాకాలం పాలపిట్ట పిల్లల్ని చేస్తుంది. దసరా నాడు కనిపిస్తే శుభమనుకుంటామే, ఆ పిట్టే. ఒడిశా రాష్ట్ర పక్షి కూడా అదే. రాత్రిళ్లు గుడ్లగూబ ఆ మోడు మీదే కూర్చుని ఎలుకల కోసం కాపు కాస్తుంది. పళ్ల కాలంలో మానుపిల్లి వస్తుంది.

కలెక్టర్ గారికి, అటవీ అధికారులకు నా విన్నపం ఒకటే. ప్రతి పంచాయతీలో ఉన్న తాటిచెట్లను లెక్క రాయించండి. అనుమతి లేకుండా కొట్టనివ్వకండి. బట్టీలకు చేరే దుంగలు ఎక్కడివో అడగండి. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు అధికారులతోనూ మాట్లాడండి, చెట్లు రెండు వైపులా పోతున్నాయి.

ఈ ఏడు మా బావి దగ్గర ముప్పై రెండు గూళ్లు లెక్కపెట్టాను. పోయినేడు ఇందులో సగం కూడా లేవు. పక్క పొలం పిట్టలు కూడా ఇక్కడికే వచ్చినట్టున్నాయి. మీ పర్లాకిమిడి విలేకరిని ఒకసారి పంపించండి, గూళ్లు ఖాళీ అయ్యేలోపు చూపిస్తాను.

ఇట్లు,
ఒక రైతు,
గజపతి జిల్లా, ఒడిశా