మెదడు శిక్షణ కేంద్రాలను తనిఖీ చేయాలి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షల టెన్షన్ మొదలుకొని నడుంనొప్పి దాకా అన్నింటికీ న్యూరోఫీడ్‌బ్యాక్ అనే మెదడు శిక్షణే మందంటూ నల్గొండలో కరపత్రాలు పంచుతున్నారు. తలకు సెన్సర్లు పెట్టి, మెదడు తరంగాలను తెరమీద చూపిస్తూ, కోరిన తరంగం పెరిగినప్పుడల్లా ఆటలో పాయింట్లు ఇస్తారు. పద్ధతి బూటకమేమీ కాదు. 1960లలో అమెరికాలో స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చేసిన ప్రయోగాలు దీనికి ఒక మూలం. తర్వాత మూర్ఛ రోగులపైనా పరీక్షించారు. అయితే ఏకాగ్రత లోపమున్న పిల్లల్లో, ఉత్తుత్తి శిక్షణతో పోల్చి చూసినప్పుడు పెద్ద తేడా కనిపించలేదు. అలాంటప్పుడు కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులకు పదుల కొద్దీ సెషన్లు అంటగట్టడం ఏం న్యాయం? వాడుతున్న మాత్రలు మానేయమనడమైతే మరీ ప్రమాదం. సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఈ కేంద్రాలను ఎవరు, ఏ అర్హతతో నడుపుతున్నారో జిల్లా వైద్యాధికారులు వెంటనే తనిఖీ చేయాలి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ